నలభై రోజుల దీక్షతో తీరని షుగర్

షుగర్ ఉందని తేలిన రోజున మనిషి చేతికి రెండు కాగితాలు వస్తాయి. ఒకటి మందుల చీటీ. రెండోది ఆహార పట్టిక. జిరాక్సుకు జిరాక్సు తీసి తీసి అక్షరాలు అలుక్కుపోయిన ఆ పట్టికలో పొద్దున ఓట్స్, పదకొండింటికి ఆపిల్ ముక్కలు, రాత్రికి రెండు పుల్కాలు అని ఉంటుంది. ఉదయం ఇడ్లీ తిని పనికి పోయి, రాత్రి తొమ్మిదింటికి ఇంత వేడన్నం తినే మనిషికీ ఆ కాగితానికీ చుట్టరికమే లేదు. అయినా భయం కొత్తది కనుక ఆయన దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, అన్నం మానేసి, తెల్లవారుజామునే లేచి నడక మొదలుపెట్టి, మాల వేసుకున్నంత నిష్ఠగా నియమం పాటిస్తాడు.

దీక్ష మనకు బాగా తెలిసిన పద్ధతి. మండలం రోజులు కఠినంగా ఉంటాం, మాల తీసేశాక మామూలు జీవితంలోకి వచ్చేస్తాం. షుగర్‌కు మాల తీసే రోజు లేదు. నేను చూసినంతలో కొత్తగా షుగర్ తేలినవాళ్లు తడబడేది పట్టుదల లేక కాదు, ఎన్నాళ్లో మోయలేనంత పట్టుదలను మొదటి వారంలోనే నెత్తికెత్తుకోవడం వల్ల. దాన్ని దించుకోవడానికి ఏదో ఒక పెళ్లి భోజనం చాలు. తప్పు చేశామన్న సిగ్గుతో ఆ తర్వాత పరీక్షకే వెళ్లరు. ఎంత మోయాలో, ఎన్నాళ్లు మోయాలో మొదట్లోనే ఎవరైనా ఒక గంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఇందులో చాలా భాగం తప్పేది.

ఆ గంట దొరకకపోవడానికి కారణం రోగుల సంఖ్యలోనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనే బీపీ, షుగర్ పరీక్షించే ఏర్పాటు వచ్చాక జబ్బును కనిపెట్టడం సులువైంది. కనిపెట్టాక కూర్చోబెట్టి వివరించి చెప్పే మనిషి మాత్రం చాలామందికి ఇంకా దొరకడం లేదు. వంద మంది బయట కూర్చుని ఉండగా ఇది డాక్టరు వల్ల అయ్యే పని కాదు. శిక్షణ పొందిన నర్సు వల్ల అవుతుంది. ఆ ఖర్చును దండగ అనుకోవడం పొరపాటు లెక్క.

ఎందుకంటే ఈ జబ్బులో మొదటి ఏళ్లకున్న విలువ తర్వాతి ఏళ్లకు లేదు. బ్రిటన్‌లో 1977 నుంచి 1991 వరకు, అప్పుడే షుగర్ తేలిన 5,102 మందిని చేర్చుకుని ఒక పెద్ద అధ్యయనం నడిపారు. వారిలో సుమారు సగం మందికి, జబ్బు తేలే నాటికే కంటిలోనో నరాల్లోనో మరోచోటో దాని జాడలు కనిపించాయి. షుగర్‌ను గట్టిగా అదుపు చేస్తే కళ్లకు, మూత్రపిండాలకు జరిగే హాని తగ్గుతుందని 1998లో తేలింది. అంతకంటే ఆసక్తికరమైన సంగతి 2008లో బయటపడింది. అధ్యయనం ముగిసిన ఏడాదికే, గట్టిగా అదుపు చేసిన వర్గానికీ మామూలు చికిత్స పొందిన వర్గానికీ షుగర్ స్థాయిలు ఒకటైపోయినా, తొలి ఏళ్లలో అదుపులో ఉంచుకున్నవారికి ఆ మేలు పదేళ్ల తర్వాత కూడా కొనసాగింది. గుండెపోట్లు, మరణాలు కూడా వారిలో తక్కువగా నమోదయ్యాయి. "ఇంకా మొదటి దశే కదా, చూద్దాంలే" అనే మాట ఖరీదు ఇదీ.

మరి అతి నిష్ఠ కూడా మంచిదేగా అని అనిపించవచ్చు. అక్కడొక ప్రమాదం ఉంది. మందుల చీటీలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే షుగర్ మరీ పడిపోవడం అరుదు. దాంతో పాటు గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళ ఉంటే లెక్క వేరు, ఎందుకంటే అది మనం తిన్నా తినకపోయినా, షుగర్‌ను తగ్గించే ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. ఆ బిళ్ళ వేసుకుని, అన్నం మానేసి, ఆపైన గంటసేపు నడిచిన మనిషికి చెమటలు పట్టి చేతులు వణికితే, అది నీరసం అనుకుని పడుకోబెడతారు. షుగర్ 70 కంటే దిగువకు పోయిందని గుర్తించి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ నాలుగు మాటలు మందుతో పాటే చెప్పాల్సినవి. షుగర్ రోగికి చక్కెర మందుగా పనిచేసే సందర్భం ఒకటుందని తెలియని ఇళ్లు ఎన్నో.

తిండి విషయానికి వస్తే, మా పిన్నికి నిరుడు షుగర్ తేలినప్పుడు ఆవిడ పట్టికను పక్కనపెట్టి పాత డైరీ ఒకటి తీసింది. ఒక మధ్యాహ్నం ఎప్పటిలా మూడు గరిటెల అన్నం, సాంబారుతో తిని, రెండు గంటలకు వేలు పొడిచి చూస్తే 248. రెండు రోజుల తర్వాత బీరకాయ కూర, గిన్నెడు ముద్దపప్పు ముందు తిని, ఆ తర్వాత గరిటెన్నర అన్నం కలుపుకుని, డాబా మీద పావుగంట తిరిగి చూస్తే 176. ఒక్కో స్ట్రిప్ ఇరవై రూపాయల అటూఇటూ ఉంటుంది. ఆ రెండు స్ట్రిప్పులు నేర్పినంత ఆ జిరాక్సు కాగితం నేర్పలేదు. కూర, పప్పు ముందు తిని అన్నం చివర తింటే, తిన్న వెంటనే కాస్త నడిస్తే షుగర్ పెరుగుదల తగ్గుతుందన్నది పరిశోధనల్లో తేలిన విషయమే. అయితే వంట చేసే చేతికి అది తన అంకెల్లో కనిపించినప్పుడే నమ్మకం కుదిరింది.

మన బజారుకు తెలిసింది మాత్రం "షుగర్ లేని బియ్యం". రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, హైదరాబాద్ సంస్థలు మెరుగుపరచిన సాంబమసూరి, ఈ రెండింటి గ్లైసీమిక్ సూచి (తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 51 దరిదాపుల్లో ఉన్నట్టు నివేదించారు. మామూలు పాలిష్ బియ్యంతో పోలిస్తే ఇది తక్కువే, మంచిదే. కానీ పేరు చూసి రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుంటే ఆ తేడా కంచంలోనే హరించుకుపోతుంది. రాగి జావదీ అదే కథ. రాగులు మంచివే గానీ, మెత్తగా పట్టించిన పిండిని పలుచగా కాచి తాగితే అది రక్తంలోకి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ వంటింటి లెక్కలో మరో అన్యాయం ఉంది. షుగర్ మగవారికి వస్తే ఇంట్లో ఇంకో పొయ్యి వెలుగుతుంది, వేళకు జొన్నరొట్టె అందుతుంది. ఆడవారికి వస్తే ఆవిడే అందరికీ అన్నం వండి, తనొక్కదానికి వేరే చేసుకోవడానికి మొహమాటపడి, మిగిలిన అన్నం పారేయలేక తినేస్తుంది. ఆహార సలహా ఇచ్చేవారు "ఇంట్లో వండేది ఎవరు, చివర తినేది ఎవరు" అని అడగకపోతే ఆ సలహా సగం వ్యర్థం.

కాకర రసం, మెంతులు, నేరేడు గింజల పొడి గురించి ఎక్కువ చెప్పను. మెంతులు నానబెట్టి తింటే తినవచ్చు, వాటిని నమ్ముకుని బిళ్ళ ఆపడమే ముప్పు. బిళ్ళలతో కిడ్నీలు పోతాయని భయపడేవారి ఇళ్లలోనే కిడ్నీలు పాడు చేసే షుగర్ ఏళ్ల తరబడి అదుపు లేకుండా ఉండటం చూస్తాం. కిడ్నీ పనితీరు బాగా తగ్గాక మెట్‌ఫార్మిన్ ఆపుతారన్నది నిజమే. మందు అక్కడ కిడ్నీని చెడగొట్టిందని దాని అర్థం కాదు.

"షుగర్ మాయం" ప్రకటనల వెనక మాత్రం పిసరంత నిజం ఉంది. 2017లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, జబ్బు తేలి ఆరేళ్లు దాటనివారు కొన్ని నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల ద్రవాహారంతో వైద్య పర్యవేక్షణలో గడపగా, ఏడాదికి 46 శాతం మంది మందుల అవసరం లేని స్థితికి చేరారు. రెండేళ్లకు అది 36 శాతానికి తగ్గింది. ప్రకటనల్లో మొదటి అంకె కనిపిస్తుంది, రెండోది కనిపించదు. పైగా వారు బాగా బరువున్నవారు. సన్నటి చేతులు, కాస్త పొట్ట ఉన్న మన మనుషులు ఎంత బరువు తగ్గాలన్నది డాక్టరుతో తేల్చుకోవాల్సిన విషయం.

మొదటి మూడు నెలలు గడిచాక మళ్లీ హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్తపరీక్ష, చేయిస్తారు. ఆ అంకె 6.5 శాతం, అంతకుమించి ఉంటేనే మధుమేహం అంటారు గనుక, చాలామంది దాన్ని పాస్ మార్కులా చూసి, ఎంత దిగిందని మాత్రమే అడిగి లేచి వచ్చేస్తారు. కంటి వెనక పొర ఫోటో తీయించారా, కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి వచ్చే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ చూశారా, పాదాలకు స్పర్శ ఉందో లేదో పరీక్షించారా అన్నవి ఆ రోజే అడగాల్సిన ప్రశ్నలు. అడగడానికి బిడియమైతే, పాదాల సంగతి వరకు ఒక చిట్కా ఉంది: పేరు పిలిచేలోపే చెప్పులు, మేజోళ్లు విప్పేసి లోపలికి వెళ్లి కూర్చుంటే, ఎంత తీరిక లేని డాక్టరైనా ఒకసారి కిందికి చూడక తప్పదు.