కొండ దాటారు, బల్ల దగ్గర ఆగిపోయారు

పల్లెవెలుగు బస్సులో ఈ సీను అందరం చూసిందే. స్టాపులో జనం ఎక్కబోతుంటే లోపల్నించి ఒక గొంతు లేస్తుంది: "ఇంకెక్కడ ఎక్కుతారయ్యా, కాలు పెట్టే జాగా లేదు!" ఆ అరిచిన మనిషి ఎక్కింది వెనక స్టాపులోనే. 1942 ఆగస్టు 30న స్విట్జర్లాండ్ న్యాయ, పోలీసు శాఖల మంత్రి ఎడ్వార్డ్ ఫాన్ స్టైగర్ జ్యూరిక్‌లోని ఓర్లికాన్‌లో చర్చి యువజనుల సభలో చెప్పిన మాటలు చదివితే నాకు ఆ గొంతే వినిపించింది. మనది చిన్న పడవ, ఇప్పటికే బరువెక్కింది, నీళ్లలో వేలమంది కేకలు పెడుతున్నా అందరినీ ఎక్కించుకోలేం. నాజీల నుంచి పారిపోయి వచ్చే శరణార్థుల గురించి ఆయన ప్రసంగ సారం ఇదీ. "పడవ నిండింది" అన్న రెండు ముక్కలుగా అది జనం నోట నిలిచిపోయింది.

నిజంగా నిండిందా? 1945 మేలో యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి శరణార్థులు, నిర్బంధంలో ఉంచిన విదేశీ సైనికులు అంతా కలిపి లక్షమందికి పైగా ఆ పడవలోనే ఉన్నారు. పడవ మునగలేదు. మంత్రిగారు మాట్లాడిన నాటికి అందులో ఉన్నవాళ్లు ఈ సంఖ్యలో చిన్న వంతు. ఆ ప్రసంగానికి 17 రోజుల ముందే, ఆగస్టు 13న, సరిహద్దు మూసేశారు. కేవలం జాతి కారణంగా, అంటే యూదులైనందుకు, పారిపోయి వచ్చినవాళ్లు రాజకీయ శరణార్థులు కారు అన్నది అప్పటి నియమం. జాతి ఒక్కటే చూసి చంపుతున్న రోజుల్లో ఆ "కేవలం" అన్న మాట రాసిన గుమాస్తా చెయ్యి వణకలేదా అనిపిస్తుంది.

ఇదంతా ఎందుకంటే, స్విట్జర్లాండ్ ఈ విషయం మీదే తీసిన ఒక సినిమాను ఈమధ్య మళ్లీ చూశాను. పేరు 'ద లాస్ట్ ఛాన్స్'. యుద్ధం ఇంకా సాగుతుండగానే తీసి, 1945 మేలో విడుదల చేశారు. దర్శకుడు లియోపోల్డ్ లిండ్‌బెర్గ్ వియన్నాలో పుట్టిన యూదుడు. నాజీలు రాగానే 1933లో జర్మనీ వదిలి జ్యూరిక్‌లో తలదాచుకున్నవాడు. కథ 1943 నాటి ఇటలీలో నడుస్తుంది. శత్రువుల చెర తప్పించుకున్న బ్రిటిష్, అమెరికన్ సైనికులు ఒక కొండ ఊరు చేరతారు. తమ దారి తాము చూసుకునేలోపే రకరకాల దేశాల శరణార్థులు వాళ్ల వెంట పడతారు. అందరూ కలిసి మంచులో ఆల్ప్స్ దాటి స్విట్జర్లాండ్ చేరాలి. మూలకథ ఇంతే.

సినిమాగా దానికి వంక పెట్టలేం. సైనికుల వేషాల్లో ఉన్నది నటులు కారు, నిజంగానే చెర తప్పించుకుని స్విట్జర్లాండ్ చేరిన సైనికులు. కొడుకును వెంటబెట్టుకుని నడిచే తల్లి పాత్ర వేసిన థెరీసా గీసా కూడా జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు నటే. ఎవరి భాష వాళ్లు మాట్లాడతారు. ఇంగ్లీషు, ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచి, యిడ్డిష్, అన్నీ డబ్బింగ్ లేకుండా ఒకే మంచు దారిలో వినిపిస్తాయి. 1946లో జరిగిన మొదటి కాన్ చలనచిత్రోత్సవంలో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ పంచుకున్న 11 సినిమాల్లో ఇదొకటి. మన చేతన్ ఆనంద్ తీసిన 'నీచా నగర్' ఇంకొకటి. ఆ జాబితా చూసిన ప్రతిసారీ మనవాళ్లు 'నీచా నగర్' దగ్గరే ఆగిపోతారు, నేనూ అంతే. పక్క పేరు మీద కన్ను పడడానికి ఇన్నేళ్లు పట్టింది.

నా పేచీ వేరే చోట. ఈ సినిమాలో విలన్లు ఇద్దరు: జర్మన్ తుపాకీ, ఆల్ప్స్ మంచు. కొండ దాటితే గండం గట్టెక్కినట్టే. ప్రాణాలు పోయేవి దారిలోనే, చివరికి ఆ శరణార్థులను స్విట్జర్లాండ్ లోనికి తీసుకుంటుంది. ప్రాణభయంతో వచ్చే పౌరులను రానివ్వమని ప్రభుత్వం 1944 జులైలో నియమం మార్చింది. అంటే తలుపు తీశాక తీసిన సినిమా ఇది. కథను మాత్రం తలుపు ఇంకా ఓరగా ఉన్న 1943లో పెట్టారు.

అదే 1943 డిసెంబరులో, అదే ఇటలీ సరిహద్దులో, మిలాన్‌కు చెందిన 13 ఏళ్ల యూదు పిల్ల తండ్రితో కలిసి కొండల్లో నడిచి స్విట్జర్లాండ్‌లో అడుగుపెట్టింది. పేరు లిలియానా సెగ్రే. వాళ్లు కొండ దాటారు. తీచీనో ప్రాంతంలోని ఆర్ట్‌సో అనే ఊళ్లో స్విస్ అధికారి ముందు నిలబడ్డారు. కాళ్లు పట్టుకుని బతిమాలానని ఆమె తరవాత చెప్పారు. ఆయన వినలేదు, వెనక్కి పంపించేశాడు. 1944 జనవరి 30న మిలాన్ రైల్వే స్టేషన్ అడుగున ఉన్న ప్లాట్‌ఫారం నుంచి తండ్రినీ కూతుర్నీ నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కు వెళ్లే రైలు ఎక్కించారు. తండ్రి తిరిగి రాలేదు. ఆమె బతికి బయటపడి, 2018లో ఇటలీ సెనేట్‌లో జీవితకాల సభ్యురాలయ్యారు. ఆ పిల్లను ఆపింది మంచు కాదు, ఒక బల్లా దాని వెనక కూర్చున్న మనిషీ.

ఆ బల్లను తెర మీదికి తేవడానికి స్విస్ సినిమాకు 36 ఏళ్లు పట్టింది. 1981లో మార్కస్ ఇమ్‌హూఫ్ తీసిన సినిమా పేరే 'ద బోట్ ఈజ్ ఫుల్', మంత్రిగారి పడవే. రైలు ఆగిన కాసేపట్లో ఆరుగురు శరణార్థులు దూకి స్విట్జర్లాండ్‌లోని ఒక పల్లెటూరి పూటకూళ్ల ఇంట్లో దూరతారు. అప్పటి నియమం ప్రకారం జర్మన్ సైన్యం నుంచి పారిపోయిన సైనికుణ్ణి ఉండనిస్తారు, చిన్నపిల్లలున్న కుటుంబాన్నీ ఉండనిస్తారు, ఒట్టి యూదులను ఉండనివ్వరు. మరేం చెయ్యాలి? నాటకం ఆడాలి. సైనికుడు యూదు యువతికి మొగుడవుతాడు. వియన్నా నుంచి వచ్చిన ముసలాయన ఆమెకు తండ్రి అవుతాడు. ఆయన మనవరాలూ ఎవరో ఫ్రెంచి పిల్లవాడూ వాళ్ల పిల్లలవుతారు. ఆమె తమ్ముడు సైనికుడి వేషం కడతాడు.

నిజం చెబితే చావు, అబద్ధం ఆడితే నేరం. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. ఊళ్లో రాక్షసులెవరూ లేరు. అన్నం పెట్టేవాళ్లున్నారు, సణిగేవాళ్లున్నారు, తన డ్యూటీ తాను ఒద్దికగా చేసుకుపోయే కానిస్టేబుల్ ఉన్నాడు. ఆయన అడిగేవి మామూలు ప్రశ్నలే. చూస్తున్న మనకు టెన్షన్ తుపాకీ వల్ల కాదు, ఎవరు ఎవరికి ఏమవుతారో ఎక్కడ తప్పు చెబుతారోనని.

ముసలాయన వేషం వేసింది కర్ట్ బోయిస్. 'కాసాబ్లాంకా' అనే హాలీవుడ్ సినిమాలో యూరప్ నిండా రాబందులున్నాయి జాగ్రత్త అని చెబుతూనే ఎదుటివాడి పర్సు కొట్టేసే జేబుదొంగ గుర్తున్నాడా? ఆయనే. బెర్లిన్‌లో పుట్టిన యూదుడు, నాజీలు వచ్చాక దేశం వదిలిపోయి, యుద్ధం అయ్యాకే తిరిగొచ్చాడు. శరణార్థిగా నటించడానికి ఆయనకు రిహార్సల్ అక్కర్లేదు.

చుట్టూ జర్మనీ, దాని మిత్రులూ ఉంటే ఆ చిన్న దేశం ఏం చేస్తుంది, గోడ మీద పిల్లిలా ఉండక తప్పలేదు అనేవాళ్లున్నారు. వాదనలో కొంత నిజముంది. దాదాపు 21 వేలమంది యూదులకు ఆ దేశం నీడనిచ్చిందన్నదీ నిజమే. కానీ యుద్ధకాలంలో స్విట్జర్లాండ్ నడతను విచారించి 2002లో ముగిసిన బెర్జియే కమిషన్ లెక్కలో, సరిహద్దు నుంచి తిప్పి పంపినవాళ్లు 20 వేలకు పైనే. అందులో యూదులెందరన్న దాని మీద చరిత్రకారులకు ఇంకా తగాదాయే. పైగా అదే దేశంలో సెయింట్ గాలెన్ పోలీసు అధికారి పాల్ గ్రూనింగర్, వచ్చినవాళ్ల కాగితాల మీద పాత తేదీలు వేసి వందలమందిని లోనికి రానిచ్చాడు. 1939లో ఉద్యోగం ఊడింది, 1940లో శిక్ష పడింది. 1972లో ఆయన చనిపోతే, నిర్దోషి అని కోర్టు తేల్చింది 1995లో. బల్ల వెనక కూర్చున్నవాడికి ఇంకో దారి లేదనడం కుదరదు.

రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూస్తే కథ కంటే ముందు చెవికి తేడా తెలుస్తుంది. మొదటి దాంట్లో అన్ని భాషలూ ధైర్యంగా వినిపిస్తాయి. రెండో దాంట్లో జర్మన్ కుటుంబంలో పిల్లవాడిగా చెలామణి కావాల్సిన ఆ ఫ్రెంచి కుర్రాడు, కానిస్టేబుల్ ముందు తన భాషలో ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు.