పన్నెండో కాలమ్ గారికి ఒక కీబోర్డు వాడు రాసుకునే లేఖ

అయ్యా పన్నెండో కాలమ్ గారూ,

తిరుపతి నుంచి నమస్కారాలు. యూనివర్సిటీ సంగీతం కోర్సు అప్లికేషన్‌లో మీ పైనుండే పదకొండు కాలమ్‌లతో నాకే గొడవా లేదు. పేరు అడిగారు రాశా, నాయన పేరు రాశా, ఆధార్ రాశా, కుల ధ్రువీకరణ నంబరు అడిగితే బీరువా అంతా తిరగేసి మీసేవ కాయితం బయటికి తీసి మరీ రాశా, ఫోటో 50 కేబీ దాటకూడదంటే మా అమ్మే గుర్తుపట్టలేనంతగా నా మొహాన్ని నలిపి ఎక్కించా. మీ దగ్గరికొచ్చే సరికి బండి ఆగిపోయింది. "మీరు సంగీతం ఎందుకు చదవాలనుకుంటున్నారు? 200 పదాలకు తగ్గకుండా రాయండి." మూడు రోజులైంది సార్. మీ గళ్ళో ఆ కర్సర్ టక్కు టక్కుమని కొట్టుకుంటానే ఉంది, నేను దానికి ఆదితాళం వేసుకుంటా కూర్చోనుండా.

ఒక్క డౌటు. మా పెద్దమ్మ కొడుకు బీటెక్‌కి అప్లై చేసినప్పుడు మీరెక్కడికి పోయినారు? కంప్యూటర్ సైన్స్ ఎందుకు నాయనా అని వాణ్ణి ఏ కాలమూ అడగలా. ర్యాంకు అడిగినారు, ఫీజు కట్టించుకున్నారు, అయిపాయ. అడిగుంటే వాడు అక్కడే కూలబడి ఏడ్చేసుండేవాడు, అది వేరే విషయం.

సరే, మీరంటే భయం నా ఒక్కడికే కాదని నెట్ సెంటర్‌లో తెలిసింది. అక్కడి అన్న మీ కోసం రెడీగా ఒక ఫైలు దాచిపెట్టుకుని ఉండాడు. పోయిన సంవత్సరం ఎవరో అమ్మాయి రాయించుకున్నది, "ఉయ్యాల్లో ఉన్నప్పుడే వీణ నా శ్వాస" అని మొదలవుతాది. "వీణ తీసేసి కీబోర్డు పెడతా, 50 రూపాయలియ్యి" అన్నాడు, ఒకే నొక్కుతో అన్ని చోట్లా మార్చేశాడు. చదువుకుంటా పోతే చివర్లో "హిందీలో నేను రాష్ట్రభాష ప్రకీబోర్డు పాసయ్యాను" అని ఉంది. ప్రవీణలో వీణ ఉంటాదని నేను ఆ రోజు దాకా గమనించలా. ఆ 50 రూపాయలు దానికి ఇచ్చినా అనుకున్నా.

కాబట్టి నిజం చెప్పేస్తా, మీకు పనికొస్తే వాడుకోండి.

నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తా, ఏడేళ్ళ నుంచీ. ఎవరూ నేర్పలా, విని వాయించడమే. శ్రుతి అంటే పాటకి 'స' ఏ మెట్టు మీద పెట్టుకోవాలనేది. నాకొచ్చిందంతా ఒకటో శ్రుతిలో, మిగతాదంతా ట్రాన్స్‌పోజ్ బటన్ దయ, ఒక్క నొక్కుకి తెల్లదో నల్లదో ఒక మెట్టు పైకి జరుపుతాది. పాడే ఆయన రెండు అంటే రెండు నొక్కుళ్ళు, పాడే ఆమె ఐదున్నర అంటే ఎనిమిది నొక్కుళ్ళు, వేళ్ళు మాత్రం ఎప్పుడూ ఉన్నచోటే. ఆ బటనే నాకు గురువు, దానికి దక్షిణ కూడా అక్కర్లేదు. పోయిన మాఘమాసంలో చంద్రగిరి పక్క ఒక కల్యాణమండపంలో రిసెప్షన్, మేము వైర్లు లాక్కుంటా ఉంటే పొద్దున ముహూర్తానికి నాదస్వరం వాయించిన పెద్దాయన స్టేజీ పక్కన కుర్చీ వేసుకుని కాఫీ తాగతా ఉండాడు. "అబ్బయా, ఆ పెట్టెలో మూడున్నర శ్రుతి పెట్టు, విందాం" అన్నాడు.

నేను స్టైల్‌గా నొక్కినా. మూడంటే ప్లస్ నాలుగు. ఇంకోటి నొక్కితే ప్లస్ ఐదు, అది నాలుగో శ్రుతి. వెనక్కొస్తే మళ్ళీ మూడు. ముందుకి, వెనక్కి, ముందుకి, వెనక్కి, ఆ చిన్న స్క్రీన్‌లో అంకెలు నన్ను చూసి కన్నుగొడతా ఉండాయి, మా తబలా వాడు నా మొహం చూడలేక సుత్తి తీసుకుని బాగున్న తబలాకే శ్రుతి చేసుకుంటా కూర్చున్నాడు. "పాత మోడల్ తాతా, దీంట్లో లేనట్టుంది" అన్నా. ఆయనకి కాఫీ ముక్కులోకి పోయింది. "ఏ మోడల్‌లోనూ ఉండదబ్బయా. తెల్లమెట్లకి ఒకటి, రెండు, మూడు, నల్లమెట్లకి ఒకటిన్నర, రెండున్నర. మూడుకీ నాలుక్కీ మధ్య నల్లమెట్టు ఏదీ? ఏడున్నర కూడా లేదు, అది శనికి ఒక్కడికే."

ఏడేళ్ళుగా రోజూ వేళ్ళు పెడతా ఉండే చోట నల్లమెట్టు లేదని చూసుకోలేదు సార్ నేను. అంతటితో వదిలితే అయ్యేది, ఆయన నాదస్వరం తీసి తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, ఒక్కటి ఊది "ఇది ఏ మెట్టు మీదుందో చూపించు" అన్నాడు. ఒక మెట్టు నొక్కితే కింద, ఇంకోటి నొక్కితే పైన, ఆ స్వరం ఎక్కడా కాలు నిలపదు, ఉయ్యాల ఊగినట్టు ఊగతానే ఉంటాది. పిచ్ తిప్పే చక్రం తిప్పి చూశా, మేకపిల్ల తప్పిపోయినట్టు వచ్చింది.

ఆ తర్వాత ఆదివారాలు ఆయనింటికి పోతా ఉండా. ఒకరోజు కటపయాది చెప్పినాడు, అక్షరాలకి అంకెలు. మాయామాళవగౌళ అనే రాగం పేరులో మా అంటే 5, యా అంటే 1, తిప్పి చదివితే 15, 72 మేళకర్తల్లో, అంటే తల్లి రాగాల్లో, దాని నంబరు అదే. ఆ రాత్రి నేను ఇంట్లో అందరికీ నంబర్లు కట్టినా. నాయన: నా సున్నా, య ఒకటి, తిప్పితే 10. పదో మేళకర్త పేరేందో తెలుసా, నాటకప్రియ. మా నాయన కొండకి బస్సు నడుపుతాడు, ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో ఏనాడూ చెయ్యి వణకని మనిషి, నేను సంగీతం చదువుతానన్న రోజు మాత్రం గుండె పట్టుకుని సోఫాలో పడిపోయి, సీరియల్ టైమయ్యేసరికి లేచి కూర్చున్నాడు. అమ్మ: అ సున్నా, మ్మ ఐదు, తిప్పితే 50, నామనారాయణి. పప్పు మాడినా గోవిందా, కరెంటు పోయినా గోవిందా, ఆమెకి ఆ నంబరు కాకపోతే ఇంకేది పడతాది.

ఇంకోటి ఉంది, ఇది కాస్త పెద్దది. మా ఊళ్ళో ఎక్కడ కీబోర్డు పెట్టినా అన్నమయ్య కీర్తన వాయించాల్సిందే, రిసెప్షన్‌లో కూడా మొదటి పాట అదే, ఆ తర్వాతే డీజే. జనం కళ్ళు మూసుకుని "ఆహా, అన్నమయ్య ట్యూను" అంటారు. నేనూ అట్లనే అనుకున్నా. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయినాడు, 32,000 కీర్తనలు రాసినాడంటారు, గుళ్ళో సంకీర్తన భాండాగారంలో రాగిరేకుల మీద దొరికినవి అందులో సగం కూడా లేవు. ఆ దొరికిన రేకుల్లో పాట ఉంటాది, పైన రాగం పేరుంటాది. స్వరం ఉండదు. మనం ఇప్పుడు వింటా ఉండే ట్యూన్లు చానా వరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు, ఇట్లాంటి పెద్దోళ్ళు కూర్చోని కట్టినవి. వాళ్ళు కట్టకపోతే మనకి ఆ పాటలు కాయితం మీదే ఉండేవి, దండం పెట్టాల్సిందే. కానీ ఆయన పాడినప్పుడు ఎట్లా పాడినాడు? రేకు మీదుండే రాగం పేరుకి ఆ రోజుల్లో ఇప్పటి స్వరాలేనా? పేరు అదే ఉండి లోపల మనిషి మారిపోయినాడా?

ఇది పెద్దాయన్ని అడిగా. చాలాసేపు నాదస్వరం జీవాళిని, అంటే ఊదే పీకని, నాలుక మీద తడుపుకుంటా ఉండిపోయి, "మా నాయన్ని ఎందుకు అని అడిగితే వీపు మీద ఒకటి పడేది అబ్బయా, అప్పటి నుంచి అడగడం మానుకున్నా, వాయించడం వచ్చింది. నువ్వు కొట్టని చోటికి పో" అన్నాడు. ఆయన దృష్టిలో యూనివర్సిటీ అంటే ఎందుకు అని అడిగితే కొట్టని చోటు. మీరైతే కొట్టరు, ఎదురు నన్నే ఎందుకు అని అడుగుతా ఉండారు, అంటే మనం ఒక జాతి వాళ్ళమే అనుకోవాలి.

చిల్లర కారణాలు కూడా ఉండాయి, దాచడం ఎందుకు. హాస్టల్లో ఉంటే పొద్దున్నే సాధన చేసినప్పుడు పక్కింటాయన గోడ గుద్దడు. డిగ్రీ ఉంటే ట్యూషన్ ఫీజు పెంచొచ్చు. ఎప్పటికైనా మ్యూజిక్ టీచర్ పోస్టు పడితే నాటకప్రియ గారు మళ్ళీ గుండె పట్టుకుంటాడు, ఈసారి సంతోషంతో. రాత్రి ఒంటిగంట దాకా వాయించి, ముక్కలన్నీ అయిపోయిన బిర్యానీ తిని, 1,200 తీసుకుని బైకు మీద ఇంటికొచ్చే బతుకు నుంచి ఒక మూడేళ్ళు సెలవు కావాలి నాకు.

కానీ ఇవన్నీ మీ గళ్ళో రాస్తే బాగుండదు కదా, అందుకని నిన్న రాత్రి ఒకే ఒక్క ముక్క టైపు చేశా: "మూడున్నర శ్రుతి ఎందుకు లేదో తెలుసుకోవడానికి." సబ్మిట్ నొక్కితే మీరు ఎర్రగా అయిపోయి, ఇంకా 195 పదాలు కావాలన్నారు. నాయన వెనక నుంచి తొంగి చూసి ఏందిరా అది ఎర్రగా అన్నాడు, చెప్పినా. వంటింట్లో నుంచి నామనారాయణి వినేసింది.

"దానికేమిరా, మిగతాదంతా గోవిందా గోవిందా అని రాసెయ్."

ఇప్పుడే లెక్కపెట్టినా. 195 బేసి సంఖ్య సార్. చివర్లో ఒక గోవిందా ఒంటరిగా మిగిలిపోతా ఉంది.