చెత్తబండి ఎక్కిన గ్యాలరీ

మన సంఘం మొన్నటి వార్షికోత్సవ సంచికలో దాతల ఫొటోలు పేజీలకు పేజీలు వేశాం. డౌన్‌టౌన్‌లో మూతపడిన మన చిన్న గ్యాలరీకి మాత్రం ఒక్క వాక్యం దక్కింది: "ఎందరో మన చిత్రకారులకు వేదికైంది." ఎవరా ఎందరో? ఏ ఏడాది, ఏ బొమ్మలు? చెప్పడానికి కాగితమే లేదు. ఖాళీ చేసిన రోజున ఆహ్వాన పత్రాలు, ధరల జాబితాలు, సందర్శకుల పుస్తకం అన్నీ చెత్తబండి ఎక్కాయి. కార్యవర్గంలో ఉన్నది ఉద్యోగాల మధ్య తీరిక చేసుకుని పనిచేసేవాళ్లే, నిజమే. కానీ ఒక్క అట్టపెట్టె దాచడానికి తీరికతో పనేముంది?

న్యూయార్క్‌లో 1972లో 20 మంది మహిళా కళాకారులు వూస్టర్ వీధిలో ఎ.ఐ.ఆర్. గ్యాలరీ తెరిచారు. 1980లో అక్కడ ఒక ప్రదర్శనను తోటి కళాకారిణులు అనా మెండియెటా, కజుకో మియామొతోలతో కలిసి భారత్‌లో పుట్టిన కళాకారిణి జరీనా హష్మీ రూపొందించారు. ఆ గ్యాలరీ కాగితాలు ఇవాళ న్యూయార్క్ విశ్వవిద్యాలయం ఫేల్స్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. నల్లజాతి కళాకారుల కోసం లిండా గూడ్ బ్రయంట్ 1974లో పెట్టిన జస్ట్ అబవ్ మిడ్‌టౌన్ గ్యాలరీ 1986లో మూతపడింది. 36 ఏళ్ల తర్వాత, 2022లో, దాని కథనే న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమా ప్రదర్శనగా పెట్టింది. ఆ రెండూ మనదానికంటే సంపన్నమైనవేం కావు. అద్దె కష్టాలు వాటికీ ఉన్నాయి.

ప్రతి ప్రదర్శనకూ దాచాల్సినవి అయిదే: ఆహ్వానం, బొమ్మల జాబితా, గోడల ఫొటోలు, సందర్శకుల పుస్తకం, అమ్మకం ఒప్పందం. వీటిలో ప్రాణం జాబితాదే. పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలత ఉండాలి. కొలతలో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. ఇది తారుమారైతే నిలువు బొమ్మ అడ్డబొమ్మ అయి కూర్చుంటుంది. ముద్రణ చిత్రాలకైతే, అంటే ఒకే అచ్చు నుంచి కళాకారుడు తీసే ప్రతులకైతే, ఇంకో అంకె కావాలి. చిత్తూరు జిల్లాలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన కళాకారుడు కృష్ణారెడ్డి చేసింది ఇలాంటి ముద్రణ చిత్రాలే. అంచున 7/50 అని ఉంటే, 50 ప్రతుల్లో అది ఏడోది. ఆ అంకె రాసుకోకపోతే ఏ ప్రతి ఎవరింటికి చేరిందో ఎప్పటికీ తేలదు.

కాగితాలను పాడుచేసేది ఎక్కువగా మన జాగ్రత్తే. సెల్లోటేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకవుతుంది. రబ్బరు బ్యాండు ఎండి అంటుకుపోతుంది, పిన్ను తుప్పుపడుతుంది. రబ్బరు బ్యాండు, పిన్ను తీసేయండి; టేపు వాడొద్దు. న్యూస్‌ప్రింట్‌లో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వల్ల పత్రికల ముక్కలు పసుపెక్కి, పక్క కాగితాలకూ ఆమ్లం అంటిస్తాయి. వాటిని ఆమ్లరహిత కాగితం మీద జిరాక్స్ తీసి విడిగా పెట్టాలి. ఫొటోలకు పి.వి.సి. కవర్లు వద్దు, పాలియెస్టర్‌వి వాడాలి. ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాస్తే ఆ ఒత్తిడి బొమ్మవైపు తేలుతుంది; మెత్తటి పెన్సిలే మేలు. పెట్టెను బేస్‌మెంట్‌లోనో అటకమీదో పెట్టొద్దు. ఒకచోట తేమ, మరోచోట ఎండ వేడి. మనుషులుండే గదిలోని అలమరే చాలు.

స్కాన్ అసలు కొలతలో 300 పి.పి.ఐ.కి (అంగుళానికి 300 పిక్సెళ్లకు) తగ్గకూడదు. నాణ్యత తగ్గించకుండా దాచే టిఫ్ ఫైలుగా పెట్టి, మూడు ప్రతులు తీసి, ఒకటి వేరే ఊళ్లో ఉంచాలి. ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి. "ఫొటో-12" అన్న పేరు చూసి రేపు ఎవరికీ ఏమీ అర్థం కాదు.

అక్కడ బొమ్మలు పెట్టినవాళ్లు, కొన్నవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. సంఘం ఆఫీసులో ఒక అలమర, ఒక స్కానరు, ఒక ఆదివారం ఇవ్వమని కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. మీ సొరుగుల్లో ఒక్క ఆహ్వాన పత్రమున్నా పట్టుకురండి, స్కాన్ చేసి అక్కడికక్కడే తిరిగిచ్చేద్దాం.