తలనొప్పంటే కళ్లజోడేనా?

ఊబకాయం ఉన్న పిల్లలకు హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనిపించడం), రెటీనా (కంటి లోపలి వెనక పొర) సమస్యలు రావచ్చని ఒక వ్యాసంలో రాశారు. బాగుంది. కానీ మా ఇంట్లో చూసిన సంగతి అందులో లేదు, అందుకే ఈ నాలుగు ముక్కలు.

మా అక్క కూతురికి 14 ఏళ్లు. ఏడాదిలో బాగా బరువు పెరిగింది. పొద్దున లేవగానే తలనొప్పి. వంగి బూట్ల లేసులు కట్టుకుని లేస్తే రెండు మూడు క్షణాలు కళ్ల ముందు బూడిదరంగు తెర. చెవిలో గుండె చప్పుడులా హోరు. రెండుసార్లు కళ్లద్దాలు మార్పించాం. చార్టులో చివరి వరుస దాకా గడగడా చదివేసేది మరి, ఎవరికి అనుమానం వస్తుంది? చివరికి ఒక డాక్టరు చుక్కలు వేసి లోపల చూస్తే, చూపును కంటి నుంచి మెదడుకు చేరవేసే దృష్టి నాడి మొదలు వాచి ఉంది. మెదడు చుట్టూ ఉండే ద్రవం ఒత్తిడి పెరిగితే అలా వాస్తుందట. చిన్నపిల్లల్లో కన్నా యుక్తవయసువాళ్లలో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, దీనికి బరువుతో సంబంధం ఎక్కువ. ఆ ఒత్తిడి తగ్గించే ఎసిటజోలమైడ్ మాత్రలు వాడుతూ మెల్లగా బరువు తగ్గింది, ఏడాది తిరిగేసరికి వాపు పోయింది. వదిలేస్తే చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉండేది.

హ్రస్వదృష్టి నేరం మాత్రం బరువు మీదే వేయలేం. ఆరుబయట వెలుతురులో గడపని పిల్లలకు అది ఎక్కువ వస్తుంది, వాళ్లే బరువూ పెరిగే అవకాశం ఉంది. ఏది దేనివల్లో విడదీయడం కష్టం. బరువుతో ముడిపడ్డ టైప్ 2 మధుమేహం సంగతి వేరు. అది బయటపడగానే రెటీనా పరీక్ష చేయించాలి, టైప్ 1లోలా కొన్నేళ్లు ఆగే వీల్లేదు.