‘గిఫ్ట్ అని రాస్తే డ్యూటీ ఉండదు’: అమెరికా పార్శిల్ ఫార్వర్డ్‌లో తప్పిన లెక్కలు

ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక ఫార్వర్డ్ సారాంశం ఇది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఇండియాలో కొనడం దండగ, అమెరికాలో ధర సగమే. అక్కడున్న మనవాళ్ల చేత కొనిపించి, పార్శిల్ మీద ‘గిఫ్ట్’ అని రాయిస్తే 50 వేల రూపాయల దాకా డ్యూటీ, అంటే దిగుమతి సుంకం, పడదు. మనిషే వస్తుంటే ఇంకా మేలు, డబ్బా పారేసి తెస్తే కస్టమ్స్ వాళ్లు అడగరు. వారంటీ ఎక్కడైనా చెల్లుతుంది. టీవీ, కుక్కర్, డ్రోన్... దేనికైనా ఇదే దారి.

ఇందులో ఉత్త అబద్ధాలు తక్కువే. ఎక్కువ భాగం ఒకచోట నిజమైన మాటని తెచ్చి ఇంకోచోట అతికించినవి. జనం నమ్మేదీ అందుకే.

ముందు గిఫ్ట్ సంగతి. ఒకప్పుడు పోస్టులో, కొరియర్‌లో వచ్చే కానుకలకు కొంత విలువ దాకా సుంకం లేని మాట వాస్తవం. విదేశాల నుంచి అమ్మే షాపింగ్ యాప్‌లు ఆ వెసులుబాటుని వాడుకుని, డబ్బిచ్చి కొన్న సరుకుని కూడా కానుక పేరుతో పంపడం మొదలుపెట్టాయి. 2019 డిసెంబరులో కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉండే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) ఆ తలుపు మూసేసింది. ప్రాణరక్షక మందులు, రాఖీలు తప్ప ఏ వస్తువూ కానుక పేరుతో సుంకం లేకుండా పోస్టులోగాని కొరియర్‌లోగాని రావడానికి వీల్లేదు. రాఖీతో పాటు అక్కయ్య ఒక ఇయర్‌ఫోన్ పెట్టి పంపితే రాఖీకి మినహాయింపు, ఇయర్‌ఫోన్‌కి లేదు. గిఫ్ట్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా పూర్తి సుంకం కట్టాకే పార్శిల్ చేతికొస్తుంది.

ఆ సుంకం ఎలా వేస్తారో ఫార్వర్డ్ రాసినాయనకి తెలిసినట్టు లేదు. బిల్లు మీద ఉన్న ధర ఒక్కటే లెక్కలోకి రాదు. దానికి రవాణా ఖర్చు, బీమా కలుపుతారు. మొత్తం మీద బేసిక్ డ్యూటీ, చాలా వస్తువులకి ఆ డ్యూటీ మీద మళ్లీ సర్‌చార్జి. ఇవన్నీ కూడిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతులకి వేసే జీఎస్టీ. అంటే కొరియర్ వాడికి ఇచ్చిన చార్జీకి కూడా మనం పన్ను కడతాం, పన్ను మీద పన్నూ కడతాం. ఆ కొరియర్ చార్జీ కూడా అసలు బరువుని బట్టే ఉంటుందనుకోకండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులతో లెక్కగట్టే బరువు ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. తేలికపాటి స్పీకర్ పెద్ద డబ్బాలో వస్తే మోత మోగుతుంది. పైగా డెలివరీకి ముందు ఆధార్ లాంటి గుర్తింపు కాగితాలు అడుగుతారు. “ఎవరో పంపారు, నాకు తెలియదు” అనడానికి లేదు.

మరి 50 వేలు ఎక్కడి నుంచి వచ్చింది? అది 2016 బ్యాగేజీ నిబంధనల్లో ఉండిన అంకె. విదేశం నుంచి దిగే ప్రయాణికుడు తన సామానుతో పాటు తెచ్చుకునే వాటికి ఇచ్చిన పరిమితి. 2026లో ఆ నిబంధనలే మారాయి, అంకె ఎప్పటికప్పుడు మారేదే కాబట్టి బయల్దేరే ముందు చూసుకోవాలి. అసలు పొరపాటు అంకెలో లేదు. సూట్‌కేసుకి ఉన్న నిబంధనని పార్శిల్‌కి తగిలించారు. మనిషి లేకుండా వచ్చే డబ్బాకి ఆ పరిమితి వర్తించదు. ఇంకొకటి: ఆ 2016 నిబంధనల్లోనే, ఒకరి పరిమితిని ఇంకొకరి పరిమితితో కలపకూడదని స్పష్టంగా ఉండేది. భార్యాభర్తలిద్దరూ వస్తున్నారు కదా అని లక్ష రూపాయల వస్తువు ఒకటి తెచ్చి ఇద్దరి ఖాతాలో సగం సగం చూపిస్తామంటే కుదరదు.

ఫార్వర్డ్‌లో లేని ఒక మంచి మాట నేను చెబుతాను. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ని ఈ పరిమితితో సంబంధం లేకుండా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఇంజనీరింగ్‌లో చేరిన తమ్ముడికి ల్యాప్‌టాప్ కావాలంటే డిసెంబరు సెలవులకు వచ్చే అన్నయ్య చేతిలో పెట్టి పంపడం నిజంగా లాభమే. టీవీకి మాత్రం అలాంటి దారి లేదు. దుబాయ్, బ్యాంకాక్ నుంచి ఫ్లాట్ టీవీలు తెగ మోసుకొస్తున్నారని 2013 ఆగస్టు 26 నుంచి వాటికి ఉచిత పరిమితి ఎత్తేశారు. గల్ఫ్ నుంచి వచ్చే కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. అమెరికా గ్రూపుల్లోనే ఇంకా తెలియనట్టుంది.

ఇక ‘సగం ధర’. 2024లో ఐఫోన్ 16 అమెరికాలో 799 డాలర్లు, ఇండియాలో 79,900 రూపాయలు. అప్పటి లెక్కన డాలరు 84 రూపాయలనుకుంటే 67 వేల చిల్లర. సగం ఎక్కడుంది? పైగా అమెరికాలో రాసి ఉండే ధరలో సేల్స్ ట్యాక్స్ కలపరు, ఇండియా ఎమ్మార్పీలో జీఎస్టీ కలిసే ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ చుట్టుపక్కల ఆ ట్యాక్స్ 8.25 శాతం. అది కలిపితే ఫోను 865 డాలర్లు, దాదాపు 72,650 రూపాయలు. మిగిలేది ఏడు వేలు. ఇక్కడ పండగ ఆఫర్‌లో బ్యాంకు కార్డు తగ్గింపు దొరికితే అందులో చాలా భాగం కరిగిపోతుంది. ప్రో మోడల్‌కి లెక్క వేరు, ఒప్పుకోవాలి. అప్పట్లో 999 డాలర్లున్న ఐఫోన్ 16 ప్రో ఇక్కడ 1,19,900 రూపాయలు. డాలస్ ట్యాక్స్ కలిపినా తేడా 29 వేల దాకా ఉండేది. అయితే అది సుంకం పడకపోతేనే. అదే ఫోను పార్శిల్‌లో వస్తే ఆ 29 వేలు ఎటుపోతాయో పైన చెప్పిన లెక్క చూస్తే అర్థమవుతుంది.

డబ్బా పారేస్తే అడగరట. సుంకం వస్తువుకి గాని అట్టపెట్టెకి కాదు. వాడుతున్న ఫోను ఒకటి జేబులో ఉంటే ఎవరూ పట్టించుకోకపోవచ్చు, బ్యాగులో నాలుగు కొత్త ఫోన్లుంటే డబ్బా లేకపోయినా ఎక్స్‌రేలో కనిపిస్తాయి. డిక్లేర్ చేయకుండా దొరికితే 1962 కస్టమ్స్ చట్టం కింద వస్తువు స్వాధీనం చేసుకోవచ్చు, విడిపించుకోవడానికి జరిమానా వేయవచ్చు. బిల్లు మీద ధర తగ్గించి రాయించినా అదే గతి.

వారంటీ విషయంలో ల్యాప్‌టాప్‌ని, ఫోన్‌ని ఒకే గాటన కట్టకూడదు. ఫోన్ల వారంటీ సర్వీసుని అమ్మిన దేశానికే పరిమితం చేసే హక్కు ఆపిల్ తన షరతుల్లోనే ఉంచుకుంది. పైగా అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి సిమ్ పెట్టే అర అసలే లేదు, అంతా ఈసిమ్, అంటే ఫోన్ లోపలే ఉండి బయటికి తీయలేని సిమ్. నాన్నగారు చేతిలో ఉన్న సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేసుకునే అలవాటున్న మనిషైతే ఆ టెన్షన్ రోజూ మీకే. 

కరెంటు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. అమెరికాలో 120 వోల్టులు, మన దగ్గర 230. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లు రెండిటినీ తట్టుకుంటాయి. అక్కడి కోసమే చేసిన ఎలక్ట్రిక్ కుక్కర్, హెయిర్ డ్రయర్ తట్టుకోవు. ప్లగ్ మార్చే పది రూపాయల అడాప్టర్ వోల్టేజీని మార్చదు, ప్లగ్గులో పెట్టిన నిమిషానికే వాసన వస్తుంది.

చివరగా డ్రోన్. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకి అనుమతితో తప్ప తేవడానికి లేదు. పెళ్లి వీడియోలు తీసే బావమరిది డ్రోన్ తెమ్మంటే, డబ్బు తీసుకోకముందే కాదని చెప్పేయండి.