సగం సైన్సు, పూర్తి బిల్లు

ఐవీఎఫ్ కేంద్రంలో బోర్డు మీద రాసిన ప్యాకేజీ ధర ఒకటి, చివరికి చేతికొచ్చే బిల్లు ఇంకొకటి. మధ్యలో చేరినవి ‘ఇమ్యూన్ సపోర్ట్’, ‘ఇంప్లాంటేషన్ బూస్టర్’ వంటి పేర్లున్న పద్దులు. విప్పి చూస్తే ఇంట్రాలిపిడ్ సెలైన్, తెల్ల రక్తకణాలను పెంచే జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టకు పొడిచే హెపారిన్, గర్భాశయం లోపలి పొరను గీకే స్క్రాచింగ్. హైదరాబాద్ నుంచి విజయవాడ, విశాఖ దాకా ఈ రంగం తీరు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్రమ సరోగసీ బయటపడ్డప్పుడు అధికారులు పరుగులు తీస్తారు. రిజిస్ట్రేషన్ ఉన్న కేంద్రంలో, రసీదు ఇచ్చి మరీ చేస్తున్న ఈ వడ్డింపు మాత్రం ఎవరి కంటికీ ఆనడం లేదు.

ఈ పద్దులన్నిటికీ ఒక వైజ్ఞానిక వివరణ చెబుతారు. అది అబద్ధం కాదు. సగమే చెబుతున్నారన్నది మా అభ్యంతరం.

తొలి రోజుల్లో పిండం, గర్భాశయం పరస్పరం ముఖ్యంగా ప్రొటీన్లతో, హార్మోన్లతో కబురు పంపుకొంటాయి. ఫలదీకరణ తర్వాత ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్ అయిన పిండం పెంకు చీల్చుకుని బయటికొచ్చి, ఒకట్రెండు రోజుల్లో గర్భాశయ పొరకు అతుక్కుంటుంది. దాని బయటి కణాలు ట్రోఫోబ్లాస్ట్. మాయగా ఎదిగేవి ఇవే. ఇవి వదిలే హెచ్‌సీజీ అనే హార్మోన్, అండం విడుదలైన చోట ఏర్పడిన కార్పస్ లూటియం కరిగిపోకుండా కాపాడుతుంది. అక్కడి నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్‌తోనే గర్భం నిలుస్తుంది. ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య ఆ పనిని మాయ అందుకుంటుంది.

ఇది మనిషి సంగతి. ఆవుకు హెచ్‌సీజీ లేదు. దాని పిండం ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీన్ వదిలి, పదహారో రోజు ప్రాంతంలో గర్భాశయం వదిలే ప్రోస్టాగ్లాండిన్ కార్పస్ లూటియంను కరిగించకుండా అడ్డుకుంటుంది. పంది పిండం ఈస్ట్రోజెన్‌తో ఆ పని చేస్తుంది. గుర్రం పిండమైతే పదహారో రోజు దాకా గర్భాశయమంతా తిరుగుతూ ఉంటుంది, అది పంపే సంకేతమేదో ఇంతవరకూ తేలలేదు. పాలిచ్చే జంతువులన్నీ ఒక్కలా గర్భాన్ని గుర్తించవు. ఒక జీవిలో తేలిన నిజాన్ని ఇంకో జీవి మీద రుద్దకూడదని జీవశాస్త్రం మొదటి ఏడాది విద్యార్థికీ తెలుసు. ఐవీఎఫ్ కౌంటర్ దగ్గరే ఆ తెలివి మాయమవుతోంది.

లిఫ్ అనే ప్రొటీన్ సంగతి చూడండి. అది లోపించిన ఆడ ఎలుకల్లో పిండాలు అతుక్కోవని, అవే పిండాలను మామూలు ఎలుకల్లో పెడితే చక్కగా అతుక్కుంటాయని 1992లో తేలింది. గొప్ప ఫలితం. దాంతో ల్యాబ్‌లో తయారైన లిఫ్‌ను ఇంజెక్షన్‌గా, పదే పదే ఐవీఎఫ్ విఫలమైన మహిళలకు ఇచ్చి చూశారు. ఉపయోగం లేదని 2009లో ప్రచురించారు. మందు అక్కడితో ఆగిపోయింది. నిజాయతీ గల సైన్సు అలాగే ఉంటుంది. మన దగ్గర అమ్మకం సాగించే పద్ధతి వేరు: 1992 లాంటి ఎలుకల ఫలితాన్ని చెబుతారు, 2009 లాంటి మహిళల ఫలితాన్ని మింగేస్తారు.

జీసీఎస్ఎఫ్‌దీ అదే కథ. కారణం తెలియకుండా పదే పదే గర్భస్రావమైన 150 మందిపై బ్రిటన్‌లో జరిగి 2019లో వెలువడిన ట్రయల్‌లో, మందు తీసుకున్నవారిలో 59.2 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 64.9 శాతం గర్భాలు ఇరవై వారాలు దాటాయి. అదే ఏడాది వచ్చిన స్క్రాచింగ్ ట్రయల్‌లో 1,364 మంది పాల్గొన్నారు. గీకినా గీకకపోయినా శిశువు పుట్టింది 26.1 శాతం మందికే. పిండం నిలవని 715 మందికి 2023లో వెలువడిన ట్రయల్‌లో ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూస్తే కాన్పులు పెరగలేదు సరికదా, నెలలు నిండకముందే ప్రసవించినవారు 5.5 నుంచి 11.8 శాతానికి పెరిగారు. వంశపారంపర్యంగా రక్తం గడ్డకట్టే లోపం, గర్భస్రావాల చరిత్ర రెండూ ఉన్నవారికి హెపారిన్ ఇస్తే 72 శాతం, ఇవ్వకపోతే 71 శాతం కాన్పులు. పొట్ట మీద కమిలిన మచ్చలు మాత్రం అదనం. ఇవన్నీ పేరున్న జర్నళ్లలో వచ్చాయి. మన స్పెషలిస్టులు చదవలేదంటే నమ్మలేం.

ఎన్‌కే (నేచురల్ కిల్లర్) అనే రోగనిరోధక కణాల పేరుతో బెదిరించడం మరో తంతు. రక్తం తీసి, ‘కిల్లర్ సెల్స్ ఎక్కువున్నాయి, బిడ్డను చంపేస్తున్నాయి’ అంటారు. నిజానికి గర్భం తొలి మూడు నెలల్లో గర్భాశయ పొరలో ఉండే రోగనిరోధక కణాల్లో దాదాపు 70 శాతం ఇవే. మాయకు రక్తం తెచ్చే మెలిక ధమనులను వెడల్పు చేయడంలో ట్రోఫోబ్లాస్ట్‌కు తోడుపడతాయి. ట్రోఫోబ్లాస్ట్ మీది హెచ్ఎల్ఏ-సి ప్రొటీన్‌ను కిర్ అనే రిసెప్టర్లతో గుర్తిస్తాయి. ఆ పొత్తు సరిగా కుదరకపోతే ధమనులు ఇరుకుగానే మిగిలి, తర్వాతి నెలల్లో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువవుతుంది. పైగా రక్తంలో తిరిగే ఎన్‌కే కణాల తీరు వేరు. చేతి నరం నుంచి తీసిన రక్తం గర్భాశయం గుట్టు చెప్పదు. అయినా ఆ రిపోర్టు పట్టుకుని సోయా నూనె, గుడ్డు సొన కొవ్వుతో చేసిన ఇంట్రాలిపిడ్‌ను నరంలోకి ఎక్కిస్తారు. నోటితో తినలేని రోగులకు పోషణ కోసం తయారైన మందు అది!

పిండాన్ని ప్రవేశపెట్టాక ‘సపోర్ట్’ అంటూ ఇచ్చే హెచ్‌సీజీ ఇంజెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది. పదివేల యూనిట్ల డోసు రక్తంలోంచి పూర్తిగా పోవడానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది. ఆలోగా గర్భాన్ని నిర్ధారించే బీటా హెచ్‌సీజీ పరీక్ష చేస్తే పాజిటివ్ రావచ్చు. అది పిండం పంపిన సంకేతమా, సిరంజీ పంపినదా ఆ ఒక్క రిపోర్టుతో చెప్పలేం. నలభై ఎనిమిది గంటల తేడాతో రెండోసారి చూస్తే, ఇంజెక్షన్ తాలూకుదైతే పడిపోతుంది, నిలిచిన గర్భమైతే పెరుగుతుంది. ఆ రెండో పరీక్ష చేయకుండా ‘గర్భం వచ్చి పోయింది’ అనడం, ‘పోకుండా ఉండాలంటే ఈసారి ఇమ్యూన్ ప్యాకేజీ’ అనడం దగా.

మందులన్నీ దండగ అని మేం అనడం లేదు. రోగనిరోధక వ్యవస్థ పొరపాటుతో రక్తం గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ నిర్ధారణ అయితే ఆస్పిరిన్‌తో హెపారిన్ ఇవ్వాల్సిందే. గతంలో గర్భస్రావాలై, ఇప్పుడు రక్తస్రావం కనిపిస్తే ప్రొజెస్టిరాన్ పనికొస్తుంది. మూడు, అంతకుమించి గర్భస్రావాలైనవారిలో కాన్పులు 57 నుంచి 72 శాతానికి పెరిగినట్టు 2019 నాటి ప్రిజం ట్రయల్ చూపింది. హార్మోన్ మాత్రలతో పొరను పెంచి ఫ్రోజెన్ పిండం పెట్టే పద్ధతిలో కార్పస్ లూటియమే ఉండదు కాబట్టి ప్రొజెస్టిరాన్ మధ్యలో మానకూడదు. అయితే ఈ పద్ధతిలో గర్భిణికి బీపీ జబ్బుల ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. నెలసరి సక్రమంగా వచ్చేవారికి సహజ రుతుచక్రంలోనే పిండం పెట్టవచ్చు. కానీ అప్పుడు అండం ఎప్పుడు విడుదలవుతుందోనని స్కానింగ్‌లతో కాచుకోవాలి, ఆదివారమైనా రావాలి. క్యాలెండర్ సౌకర్యం కోసం తల్లి మీద వేస్తున్న ఈ భారం సంగతి ఎంతమందికి ముందే చెబుతున్నారు?

ప్రతి రోగీ ప్రత్యేకమే, దంపతులే ‘ఏదో ఒకటి చేయండి’ అని బతిమాలతారు అన్నది డాక్టర్ల వాదన. బతిమాలేవారికి పనిచేయని మందు అమ్మడాన్ని వైద్యం అనరు.

చట్టం లేదా అంటే ఉంది. సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం విజయావకాశాలు, లాభనష్టాలు, ఖర్చు, దుష్ప్రభావాలు దంపతులకు ముందే వివరించడం క్లినిక్‌ల బాధ్యత. అది ఇంగ్లిష్ ఫారం మీద పది సంతకాలుగా ముగుస్తోంది. బ్రిటన్ నియంత్రణ సంస్థ హెచ్ఎఫ్ఈఏ ఇలాంటి అదనపు చికిత్సలకు రంగుల్లో రేటింగ్ ఇచ్చి జనం ముందు పెడుతోంది. ఇమ్యూన్ చికిత్సల్లో ఒక్కదానికీ, పనిచేస్తుందని తేలినవాటికి ఇచ్చే ఆకుపచ్చ రంగు దక్కలేదు. మన జాతీయ ఏఆర్‌టీ, సరోగసీ బోర్డుకు అలాంటి పట్టిక ఒకటి తెలుగులో, తమిళంలో, హిందీలో ముద్రించి ప్రతి క్లినిక్ గోడకు అంటించడం ఏమంత గగనం? రాష్ట్ర అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో పాటు పది బిల్లులు కూడా తిరగేయాలి. వృత్తి సంఘాలు సదస్సుల్లో ఈ ట్రయళ్లకు చప్పట్లు కొట్టి, సోమవారం క్లినిక్‌లో అవే మందులు రాసే సభ్యులను ఒక్క మాటైనా అడగాలి.

ఎలుకల ప్రయోగాన్ని స్లైడ్ వేసి మరీ చూపించే డాక్టర్లకు ఒక్కటే చెబుతున్నాం. మహిళల మీద జరిగిన ట్రయల్ ఏం తేల్చిందో ఆ తర్వాతి స్లైడ్ కూడా వేయండి. వేయడానికి మొహం చెల్లకపోతే ఆ పద్దు బిల్లులోంచి కొట్టేయండి.