సిగరెట్టు యావకు, మూడో రోజు రాస్తున్న లేఖ

యావా,

నీకో దండం. ఆఖరి సిగరెట్టు ఆర్పి పూట గడవకముందే వచ్చి తలుపు కొడతవు. నికోటిన్ రెండు గంటలకే రక్తంల సగమైతది, నీకు ఆకలైతది, సరే. కానీ రెండో రోజు, మూడో రోజు నీ జాతర చూడాలె! తలనొప్పి, నిద్ర పట్టకపోవుడు, కూరల ఉప్పు తక్కువైతే ఇంట్ల కొట్లాట. మేడారం జాతరైనా నాలుగు రోజుల్ల అయిపోతది. నీది రెండు నుంచి నాలుగు వారాలాయె.

అయితే నీ గుట్టు తెలిసింది. ఒక్కోసారి నువ్వొచ్చి నిలబడేది ఐదు పది నిమిషాలే. హన్మకొండ చౌరస్తాల బస్సు కోసం జనం అంతకంటే ఎక్కువసేపే నిలబడతరు. ఆయుష్షు గంతే, పెత్తనం మాత్రం దొరది.

నీ దోస్తు చాయ్ సంగతి కూడా చెప్పాలె. పొగ తాగుతున్నన్ని రోజులు కాలేయం కెఫీన్‌ను జల్ది కరగదీస్తది. పొగ ఆపినంక అవే నాలుగు చాయ్‌లు రక్తంల దాదాపు రెండింతల కెఫీన్ నిలుపుతయ్. గుండె దడ చాయ్‌ది, నింద నీది. రెండు చాయ్‌లకు దిగితే నీకే మంచి పేరు.

ఇగ నీకు గిట్టని నికోటిన్ గమ్. మెడికల్ షాపుల 2 మిల్లీగ్రాములది దొరుకుతది. లేచిన అరగంటల్నే వెలిగించేటోళ్లకు 4 మిల్లీగ్రాములది, డాక్టర్‌ను అడిగి. దాన్ని బబుల్‌గమ్ లెక్క కసకస నమిలి, ఉమ్మి మింగి, ఎక్కిళ్లు, గుండెల్ల మంట రాంగనే "ఇది పనిచెయ్యది" అనేటోళ్లుంటే నీకు పండుగే. మెల్లగ నమలాలె. నాలుక చురుక్కుమన్నంక చెంపకూ చిగురుకూ నడుమ దాచి ఊకోవాలె. చురుకు తగ్గితే మళ్ల నమలాలె, ఇట్ల అరగంట. దానికి పావుగంట ముందట్నుంచి చాయ్, నిమ్మసోడా బంద్. నోరు పుల్లగుంటే నికోటిన్ చెంపలకు దిగదు. మొదటి ఆరు వారాలు గంటకో, రెండు గంటలకో ఒకటి. నువ్వొచ్చి గల్లా పట్టినంక జేబులు దేవులాడుడు కాదు.

"జర్దా పాన్ల పొగ లేదు కదా" అని చెవుల ఊదేది నువ్వే. 2019ల నిషేధించిన వేప్‌ను, అదే ఈ-సిగరెట్టును, "అదైతే ఏం కాదు" అనేది నువ్వే. రెండిట్ల ఉన్నది నీ మేతే.

ఫోన్ల పొగాకు మాన్పించే హెల్ప్‌లైన్ నంబరు 1800-11-2356 రాసిపెట్టుకున్నం, పైసలు పడవు. అన్నం తిన్నంక వస్తవని ఎరుకే. సోంపు డబ్బా గడప కాడనే పెట్టినం.

ఇట్లు,
పాన్ డబ్బా దిక్కు చూడకుంట నడిచేటోళ్లు